కనకవ్వ కట్టిన జతలు

గోదావరిఖనిలో ఫైవింక్లైన్ బొగ్గుబాయి దారి పట్టుకుని ఏ షెడ్డులో అడిగినా హౌసింగ్ పనికి ఒకటే పేరు చెబుతారు, కొమురెల్లి. ఇంజనుకు పదిమంది ఉన్నారు, బ్రేకులకు ఇరవైమంది ఉన్నారు, పంక్చర్లకైతే లెక్కే లేదు. హౌసింగ్‌కు మాత్రం అతనొక్కడే. ఆ పేరు చెప్పేటప్పుడు కాస్త కడుపుమంట కూడా వినిపిస్తుంది, అది వేరే సంగతి. తోటి మెకానిక్కు చేత మెప్పు పొందడమంటే అత్త చేత మంచి కోడలనిపించుకోవడమే.

హౌసింగ్ అంటే తెలియనివాళ్ళు ఉంటారు గనుక ఒక ముక్క చెప్పుకోవాలి. కారు వెనక చక్రాలు రెండింటి నడుమ, కింద, గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది. దాని లోపల పళ్ళెమంత పళ్ళచక్రం ఒకటి, పిడికిలంత పళ్ళ కడ్డీ ఒకటి. పెద్దది క్రౌను, చిన్నది పినియను. ఇంజను పినియనును తిప్పుతుంది, పినియను క్రౌనును తిప్పుతుంది, క్రౌను చక్రాలను తిప్పుతుంది. ఈ పళ్ళ లెక్కను బట్టే బండికి బలం కావాలా, పరుగు కావాలా అన్నది తేలుతుంది. అసలు సంగతి ఇంకొకటుంది. ఈ రెండూ పుట్టినచోటే ఒకదాన్నొకటి ఒరుసుకుని జతగా తయారవుతాయి. ఒక జతలోని క్రౌనుకు ఇంకో జతలోని పినియనును తగిలిస్తే, పళ్ళ లెక్క సరిపోయినా సరే, పొందిక కుదరదు. మొదట కూత పెడుతుంది. తర్వాత కాగుతుంది. ఆ తర్వాత ఏదో ఒకనాడు పన్ను విరిగి సందులో ఇరుక్కుంటే, పరుగెత్తే బండి వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి.

కొమురెల్లి బిగిస్తే హౌసింగ్ నోరెత్తదని పేరు. ఇరవై ఆరేళ్ళుగా అదే పేరు.

అతనిది ఓపెన్‌కాస్టు బొగ్గుగని మింగేసిన ఊరు. తండ్రి బొగ్గుబాయి పనిలో నడుము విరగ్గొట్టుకుంటే ఆ కొలువు పెద్దకొడుక్కి పోయింది. చిన్నవాడికి మిగిలింది పానా. కరీంనగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర చేరాడు. అక్కడే గులాం అలీ పరిచయమయ్యాడు. ఇద్దరూ పని నేర్చుకుని ఖనికి వచ్చి ఒకే రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. ఇంజను గులాం అలీది, హౌసింగ్ కొమురెల్లిది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి నడుమ తగువు రాలేదని చెబితే అబద్ధం. రోజుకొకటి వచ్చేది, చాయ్ తాగేసరికి పోయేది.

షెడ్డులో మూడో మనిషి కనకవ్వ, కొమురెల్లి భార్య. పెళ్ళయిన ఏడాదికే అన్నం గిన్నె తెచ్చినావిడ అక్కడే కూర్చుండిపోయింది. పిల్లలు కలగలేదు. ఇంట్లో గోడలతో ఏం మాట్లాడాలని కిరసనాయిలు తొట్టి ముందు పీట వేసుకుంది. ఊడదీసిన సామాను కడగడం ఆమె పని. అలా కడిగిన క్రౌనునూ దాని పినియనునూ పాత చీర పేలికతో కలిపి ముడివేసి, ఆ జతకు సంబంధించిన బేరింగులూ సందులు సర్దే పలచటి రేకులూ అదే మూటలో పెట్టి అలమరలో పేర్చేది. ఒక్కో జతకు ఒక్కో చీర పేలిక. చదువు రాదు గనుక రంగులే ఆమెకు నంబర్లు.

"ఏందే, ఇనుపముక్కలకు కొంగుముళ్ళు వేస్తున్నవ్?" అని కొమురెల్లి ఎగతాళి చేసేవాడు.

"నీ పని నువ్వు సూస్కో," అనేది ఆమె.

అతను తన పనే చూసుకునేవాడు. చెయ్యి చాపితే మూట దొరికేది, ముడి విప్పితే జత దొరికేది. ఉస్తాద్ మొదటిరోజే చెప్పాడు, జతను ఎన్నడూ విడదీయొద్దని. కొమురెల్లికి ఆ మాట గుర్తుంది. పాటించవలసిన అవసరమే ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే పాటించేది ఇంకొకరు.

రెండువేల పదకొండు మే నెలలో కనకవ్వ చనిపోయింది. ఎండదెబ్బ. పొద్దున నల్లా దగ్గర నిలబడిన మనిషి సాయంత్రానికి లేదు. రామగుండం ఎండలు తెలిసినవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. పదకొండో రోజు ముగిసింది, పన్నెండో రోజు కొమురెల్లి షెడ్డు తాళం తీశాడు. కంట నీరు పెట్టలేదు. గులాం అలీ భార్య వజీరున్నీసా రోజూ డబ్బా కట్టి పంపితే తిన్నాడు. పెట్టింది తిన్నాడు, అడిగిందానికి జవాబు చెప్పాడు, వచ్చిన బండిని బాగుచేశాడు. మనిషి గట్టివాడని అందరూ అన్నారు. గట్టితనం కాదది. కాలు తిమ్మిరెక్కినప్పుడు కింద నేల ఉందో లేదో తెలియదు చూడండి, అతనికి లోపలంతా అలా ఉంది. ఆమె లేదని తెలుసు. తెలిసిన మాట ఎక్కడా తగలడంలేదు.

అలా ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బాయిలు బంద్, ఓపెన్‌కాస్టులు బంద్, బస్సులు బంద్. రోజూ మధ్యాహ్నం రెండింటికి గని పేలుళ్ళతో వణకవలసిన షెడ్డు రేకులు కదలడం మానేశాయి. బొగ్గు దుమ్ము లేక ఆకులు పచ్చగా కనిపిస్తుంటే జనం వింతగా చూశారు. రోజూ చౌరస్తాలో టెంటు కింద వంటావార్పూ, ఆటాపాటా. గులాం అలీ వెళ్ళి రెండు గంటలు కూర్చుని వచ్చేవాడు. కొమురెల్లి కూడా ఒకసారి వెళ్ళాడు. అందరూ చేతులెత్తినప్పుడు తనూ ఎత్తాడు, దించినప్పుడు దించాడు.

సమ్మెలోనే దసరా వచ్చింది. ముందురోజు షెడ్డులో ఆయుధపూజ. పానాలూ జాకీలూ పాత సామానూ అంతా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి. కాయ కొట్టేది ప్రతి ఏడూ గులాం అలీయే, కొమురెల్లి కొడితే ఎప్పుడూ వంకరగా పగులుతుందని. కడిగేది కనకవ్వ. ఒక మూట విప్పి, కడిగి, తుడిచి, మళ్ళీ కట్టి పక్కన పెట్టిన తర్వాతే ఇంకో మూట ముట్టుకునేది. దానికే రెండు రోజులు పట్టేది. ఇంత నిదానమేమిటని కొమురెల్లి ప్రతి ఏడూ విసుక్కునేవాడు.

ఈసారి అతనే కూర్చున్నాడు. ఆక్సా బ్లేడుతో ముడులన్నీ ఒకేసారి కోసేశాడు. పేలికలను చెత్తలోకి నెట్టాడు. క్రౌనులు, పినియనులు, రేకులు అన్నీ ఒకే తొట్టిలో గుమ్మరించి కడిగాడు. పెద్దవి ఒక వరుస, చిన్నవి ఇంకో వరుస. అలా పేర్చితే చూడ్డానికి బాగుంది కూడా. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాడు. రెండు రోజుల పని రెండు గంటల్లో అయిపోయింది. గులాం అలీ కాయ కొట్టాడు. ఆ వరుసలను చూసి కొమురెల్లికి ఏమీ అనిపించలేదు. అనిపించి ఉంటే ఈ కథే లేదు.

శనివారం పొద్దున భూపాల్ తన కాంటెస్సాను షెడ్డు ముందు ఆపాడు.

భూపాల్ ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటరు. డ్యూటీలో ఏనుగులాంటి బండి నడుపుతాడు, డ్యూటీ దిగితే ఈ కారు. ఎనిమిదేళ్ళ కింద ఒక మేనేజరు రిటైరై వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాడు. కాంటెస్సా అంటే ఒకప్పుడు మామూలు బండా? పొడవాటి ముక్కు, పెద్ద ఇంజను, తొక్కితే వెనక్కి నెట్టే పరుగు. బసంత్‌నగర్ దాటాక పెద్దపల్లి దాకా ఉన్న సాపు రోడ్డు మీద దాన్ని నూటిరవైకి కొట్టిన రోజులున్నాయి. భూపాల్ ఆ సంగతి చెప్పని పెళ్ళి లేదు, చావు లేదు. పోయినేడు వరంగల్ దారిలో హౌసింగ్ పళ్ళు పోయాయి. అక్కడి మెకానిక్కు ఒకడు చిన్న ఇంజను పాత బండి జత దొరికితే అదే బిగించి పంపాడు. అప్పటినుంచి గుర్రానికి గాడిద కాళ్ళు వచ్చాయి. అరవై దాటితే ఇంజను గొంతు చించుకుంటుంది, నీళ్ళు మరుగుతాయి.

ఇదివరకైతే అది సరదాకు సంబంధించిన బాధ. ఇప్పుడు కాదు. భూపాల్ భార్య జమునకు కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం కరీంనగర్ దవాఖానలో రక్తం శుభ్రం చేయించాలి. పొద్దున పదింటికి మిషను మీద పడుకోవాలి. ఆలస్యమైతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. సమ్మె ముందు బస్సులో వెళ్ళేవారు. బస్సుల్లేవు గనుక ఇప్పుడు కారే దిక్కు. నిన్న శుక్రవారం రాస్తారోకోల్లో ఆలస్యమై గట్టిగా తొక్కితే, సుల్తానాబాద్ దాటాక బండి పొగలు కక్కి ఆగిపోయింది. జమున రోడ్డు పక్కన రెండు గంటలు కూర్చుని వాంతులు చేసుకుంది. చేరేసరికి వంతు పోయింది. బతిమాలితే నాలుగు గంటల చోట గంటన్నర చేసి పంపారు.

"మంగళారం గిట్లనే అయితే నీళ్ళు ఊపిరితిత్తులకు ఎక్కుతయన్నరన్నా," అన్నాడు భూపాల్. "దీనికి దీని పళ్ళు మళ్ళ పెట్టు. దాని పరుగు దానికి రావాలె."

"పెడ్త," అన్నాడు కొమురెల్లి.

అలమరలో కాంటెస్సా పెద్ద ఇంజను జతలు రెండున్నాయి, తుక్కు కింద పోయిన రెండు బండ్లవి. అంటే రెండు క్రౌనులు, రెండు పినియనులు. పళ్ళ లెక్క రెండింటిదీ ఒకటే. కొత్తవాటి మీద చెక్కిన నంబర్లు ఉంటాయి, ఇవి ఏళ్ళ తరబడి తిరిగి అవి అరిగిపోయాయి. కొమురెల్లి పెద్ద వరుసలోంచి ఒకటి, చిన్న వరుసలోంచి ఒకటి తీశాడు. పళ్ళు లెక్కపెట్టాడు. సరిపోయాయి.

ఆదివారం మధ్యాహ్నానికి బిగింపు అయిపోయింది. చేతులు వాటంతట అవే చేశాయి. నూనె దించాయి, చక్రాల ఇరుసులు లాగాయి, పాత జతను ఊడబీకాయి, బేరింగులు దిగ్గొట్టాయి, సందుల్లో రేకులు సర్దాయి. క్రౌనును బొటనవేలితో ముందుకీ వెనక్కీ కదిపి చూశాడు, పళ్ళ నడుమ ఉండే కాస్త ఆట సరిగానే ఉన్నట్టనిపించింది. ఒకచోట చూశాడు. చుట్టూ తిప్పి చూడాలి, చూడలేదు. ఇంకొక పని కూడా ఉంది. సిందూరాన్ని నూనెలో కలిపి నాలుగు పళ్ళకు పూసి తిప్పితే, ఏ పన్ను ఎక్కడ ఆనుతుందో ఎర్రగా అచ్చు పడుతుంది. పన్ను నడుమ చింతగింజంత అచ్చు పడితే పని సక్రమం. ఆ పరీక్ష చేయకుండా కొమురెల్లి ఇరవై ఆరేళ్ళలో ఒక్క హౌసింగ్ మూయలేదు. ఈసారి మూశాడు. మరిచిపోయాడని కాదు. గుర్తుంది. సిందూరం డబ్బా నాలుగడుగుల దూరంలో ఉంది. లేవాలనిపించలేదు.

సాయంత్రం భూపాల్, కొమురెల్లి ఇద్దరూ బండి తీసుకుని బసంత్‌నగర్ దాకా వెళ్ళారు. సిమెంటు లారీలు లేక రోడ్డు ఖాళీగా ఉంది. కారు నిజంగానే పరుగందుకుంది. ఎనభైలో ఇంజను హాయిగా ఉంది, నీళ్ళు చల్లగా ఉన్నాయి. భూపాల్ ముఖం వారం తర్వాత విచ్చుకుంది. అరవై దగ్గర, ఎక్సిలేటరు మీంచి కాలు తీసినప్పుడు, వెనకనుంచి సన్నగా కూత వచ్చింది.

"అన్నా, ఏదో సప్పుడొస్తుంది గదా?" అన్నాడు భూపాల్.

కొమురెల్లికి వినబడింది. భూపాల్ కంటే ముందే వినబడింది.

"కొత్తల గట్లనే ఉంటది. నడువంగ నడువంగ సర్దుకుంటది," అన్నాడు.

ఈ మాట ప్రపంచంలో ప్రతి మెకానిక్కూ అంటాడు. పానా పట్టడం కంటే ముందు వచ్చే విద్య ఇది. కొమురెల్లి మాత్రం ఎన్నడూ అనలేదు, అన్నవాళ్ళను పట్టుకుని చెడామడా తిట్టేవాడు. ఇప్పుడు తన నోట్లోంచే వచ్చింది. అబద్ధమాడినందుకు గుండె దడదడలాడాలి కదా. ఏమీ లేదు. కిటికీలోంచి సిమెంటు ఫ్యాక్టరీ గొట్టాన్ని చూస్తూ కూర్చున్నాడు. కొమురెల్లి మాట గనుక భూపాల్ నమ్మాడు. నమ్మి తన భార్యను అందులో ఎక్కించుకుని మంగళవారం ఏడింటికి బయల్దేరడానికి సిద్ధమయ్యాడు.

సోమవారం పొద్దున గులాం అలీ చౌరస్తా టెంటుకు వెళ్ళాడు. కొమురెల్లి ఒక్కడే ఉన్నాడు. మిగిలిపోయిన క్రౌనూ పినియనూ బల్ల మీద ఉన్నాయి. ఈసారి సిందూరం తెచ్చాడు, కలిపాడు, పూశాడు, చెక్క దిమ్మల మధ్య రెండింటినీ ఆనించి తిప్పాడు. పన్ను నడుమ పడవలసిన ఎరుపు ఒక కొసన గీతలా పడింది. రేకులు మార్చి చూశాడు, గీత ఇంకో కొసకు పోయింది తప్ప నడుమకు రాలేదు. ఇవి జత కాదు. ఇవి కాకపోతే కారులో ఉన్నవీ కాదు. ఆ పినియను ఈ క్రౌనుది, ఈ పినియను ఆ క్రౌనుది.

చేతులు కడుక్కున్నాడు. కూర్చున్నాడు. రేపు ఆ పళ్ళు కొసల మీద అరవై అయిదు కిలోమీటర్లు పోవాలి, అంతే దూరం తిరిగి రావాలి. తొంభైలో పోతుంటే పన్ను విరగొచ్చు. లోపల వాపెక్కిన చేతులతో ఒకామె వెనక సీటులో ఒరిగి ఉంటుంది. అంతా అక్షరాలు చదివినట్టు తెలిసింది. భూపాల్ నంబరు ఫోనులో ఉంది. ఫోను జేబులో ఉంది. ఇప్పుడు లేస్తాను అనుకున్నాడు. చాయ్ వచ్చింది, తాగాడు. పదకొండయింది. గులాం అలీ వచ్చి టెంటులో ఎవరేం మాట్లాడారో చెప్పాడు, విన్నాడు. ఒంటిగంటకు డబ్బా వచ్చింది, తిన్నాడు. ఒక మనిషి చెడ్డవాడై ఇలా ఊరుకుంటే తిట్టిపోయొచ్చు. ఇతను చెడ్డవాడు కాడు. కానీ తప్పు తప్పే, తిమ్మిరికి మినహాయింపు లేదు.

రెండు దాటాక షేర్ ఆటో ఒకటి షెడ్డు ముందు ఆగింది. జమున దిగింది. నాలుగడుగులు వేసి నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నాలుగడుగులు వేసింది. మిషను సూదులు గుచ్చిన ఎడమ చేతికి కట్టు ఉంది. కారు పనిమీద భూపాల్ షెడ్డుకు వచ్చినప్పుడల్లా ఆమె కూడా వచ్చి కనకవ్వ పీట పక్కన కూర్చునేది, అందుకని షెడ్డు ఆమెకు కొత్త కాదు. గులాం అలీ స్టూలు తుడిచి వేశాడు.

"దసరాకు రాలేకపోయిన అన్నా," అంది కొమురెల్లితో. "పాణం బాగలేకుండె. జమ్మి ఇచ్చి పోదామని వచ్చిన."

దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి దండం పెడతారు. ఆ రోజు కుదరనివాళ్ళు వారం దాకా కూడా తెచ్చి ఇస్తారు. కాగితంలో చుట్టిన ఆకు వాడిపోయి ఉంది. గులాం అలీ చేతిలో పెట్టింది, కొమురెల్లి చేతిలో పెట్టింది. వంగబోతే కొమురెల్లి వద్దన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని అలమర వైపు చూసింది. పసుపు పూసిన వరుసలు అలాగే ఉన్నాయి.

"అక్క మూటలు ఏవన్నా?" అంది.

"ఏం మూటలు?"

"జతల మూటలు. నాకు జెప్పేది. జత మారిందంటే బండి ఆగమైతదట గదా. మా ఆయనకు పని తప్ప ఇంకోటి పట్టదు, ఆయనకా ఫికర్ లేకుంట నేనే కడ్తున్న అనేది. గా నీలం పేలిక నా చీరదే." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు ఎవలు కడ్తున్నరన్నా?"

ఆమె మాటల్లో ఎత్తిపొడుపు లేదు. మనిషి పోయిన ఇంట్లో ఆ మనిషి పని ఎవరు చేస్తున్నారని అడగడం మామూలే, అలాగే అడిగింది. ఎగతాళి చేసిన ఇరవై ఏళ్ళూ ఒక్కసారి కొమురెల్లి ఎదుట నిలబడ్డాయి. కనకవ్వకు తెలుసు. ఊరికే ముడులు వేసే మనిషి అనుకున్నాడు, ఆమె పని తెలిసి వేసింది, తెలిసి కూడా గొప్పంతా అతనికే వదిలేసింది. హౌసింగ్ నోరెత్తలేదంటే అందులో సగం చెయ్యి తనది కాదు. అది ఇప్పుడు తగిలింది. రొమ్ములో ఎక్కడో చురుక్కుమంది. ఐదు నెలల్లో అదే మొదటిసారి.

"ఎవలు కడ్తలేరు," అన్నాడు.

జమున తలూపింది.

"జమునా, రేపు గా బండి ఎక్కకు."

"ఎందుకన్నా?"

"జత మారింది. నేనే మార్చిన. పొద్దుగాలనే ఎర్కయింది. నిన్న సర్దుకుంటదని మీ ఆయనకు అబద్ధం జెప్పిన."

గులాం అలీ చేతిలోని పానా కింద పెట్టేశాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో బలం కావాలి, అది జమున దగ్గర లేదు.

"మరి రేపెట్లన్నా?" అంది.

"ఇప్పుడే ఇప్పుతం," అంటూ కొమురెల్లి లేచాడు.

ఫోను చేస్తే భూపాల్ పావుగంటలో బండి తెచ్చాడు. విషయం విని షెడ్డు గుంజ పట్టుకుని నిలబడ్డాడు. కొడతాడేమోనని గులాం అలీ నడుమకు వచ్చాడు.

"నిన్న అడిగిన గదన్నా," అన్నాడు భూపాల్. "సప్పుడొస్తుందని అడిగిన."

"అడిగినవ్."

"మరెందుకు జెప్పలే?"

"తెల్వది," అన్నాడు కొమురెల్లి. అది నిజం.

భూపాల్ చొక్కా విప్పి జాకీ అందుకున్నాడు. ముగ్గురూ కింద దూరారు. వేడి నూనె మోచేతుల దాకా కారింది. హౌసింగ్ తెరిస్తే క్రౌను పళ్ళ కొసలు నిన్నటి ఒక్క ప్రయాణానికే మెరుగెక్కి ఉన్నాయి. భూపాల్ వాటిని వేలితో తడిమి చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కొమురెల్లి పినియను మార్చాడు. సిందూరం పూశాడు, తిప్పాడు. ఎర్రటి అచ్చు నడుమకు దగ్గరగా వచ్చి ఆగింది. ఒక రేకు తీసి ఇంకో రేకు వేశాడు. మళ్ళీ పూశాడు. చుట్టూ తిప్పి, ప్రతి పన్నునూ కళ్ళకు ఆనించుకుని చూశాడు. నాలుగోసారికి చింతగింజంత అచ్చు పన్ను నడుమ కూర్చుంది.

పొద్దుగూకే వేళకు బండిని మళ్ళీ బసంత్‌నగర్ దాకా తీశారు. నలభై, అరవై, తొంభై. కాలు తీస్తే గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. భూపాల్ అతన్ని షెడ్డు దగ్గర దింపి, ముఖం చూడకుండా జమునను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం చెయ్యెత్తి దండం పెట్టింది.

"బయట ఎవ్వలకు జెప్పకు," అన్నాడు గులాం అలీ. "ఇరవై ఆరేండ్ల పేరు."

"నాదొక్కనిదే గాదు గదా గులాం భాయ్," అన్నాడు కొమురెల్లి.

చెప్పకపోయినా దాగుతుందా? ఆ వారం ముగిసేసరికి ఫైవింక్లైన్ దారంతా ఉప్పూకారం వేసి చెప్పుకుంది. కొమురెల్లి బిగించిన హౌసింగ్ కూసిందట, చెయ్యి పోయిందట, ఇక అయిపోయాడట. అంతకుముందు కడుపుమంట దాచుకున్నవాళ్ళు ఇప్పుడు జాలి దాచుకోలేదు. ఆ మాటలు అతని దాకా వచ్చాయి. తగిలాయి కూడా.

అదంతా తర్వాతి మాట. మర్నాడు మంగళవారం పొద్దున ఏడింటికే అతను షెడ్డులో ఉన్నాడు. ఏ పనీ ముట్టుకోలేదు. గంట గంటకూ వాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళి ఉంటారో మనసులో లెక్క కట్టాడు. పెద్దపల్లి. సుల్తానాబాద్. అక్కడ చౌరస్తాలో రాస్తారోకో ఉంటుందేమో, దవాఖాన బండి అంటే వదులుతారు. భయమనేది ఇలా ఉంటుందని మరిచిపోయి చాలా రోజులైంది. తొమ్మిదీ నలభైకి ఫోను మోగింది. కొమురెల్లిది కాదు, గులాం అలీది. భూపాల్ కోపం ఇంకా తగ్గలేదన్నమాట, అది న్యాయమే.

గులాం అలీ విని, పెట్టేశాడు.

"చేరిండ్రు. మిషన్ మీద పండుకున్నదట. నాలుగు గంటలు పూర్తిగ చేస్తమన్నరట."

కొమురెల్లి తలూపాడు. పీట ఖాళీగా ఉంది. తొట్టిలో కిరసనాయిలు మీద దుమ్ము తేలుతోంది.

"గులాం భాయ్," అన్నాడు.

"ఆ."

"కనకవ్వ సచ్చిపోయింది."

మే నెలలో ఆమె పాడె పట్టిన నలుగురిలో గులాం అలీ ఒకడు. స్మశానం దాకా నడిచాడు, చితి ఆరేదాకా కొమురెల్లి భుజం మీద చెయ్యి తీయలేదు. అయినా అతను ఆ మాటను అప్పుడే విన్నట్టు విన్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. స్టూలు లాక్కుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎట్లయింది?" అని అడిగాడు.

"పొద్దుగాల నల్లాకు పోయింది," అన్నాడు కొమురెల్లి. "ఎండ బాగున్నది, పోకే అని నేనన్న. రెండు బిందెలే గదా అన్నది..."

ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు, ఆ చేతులకు ఇంకా సిందూరం ఉంది. ఏడుపు పెద్దగానే వచ్చింది, రోడ్డు మీద పోయేవాళ్ళకు వినిపించేంత. ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. గులాం అలీ వాళ్ళను పొమ్మని చేత్తో సైగ చేసి, మిగతాది చెప్పేదాకా అలాగే కూర్చున్నాడు.